ఓబుళరెడ్డి మేత

మేత సంగతిలో తనకు చెప్పగలిగిన మొనగాడు జమ్మలమడుగు చుట్టుపక్కల ఇంకా పుట్టలేదని ఓబుళరెడ్డికి గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మనసులో దాచుకున్న పాపాన ఆయన ఏనాడూ పోలేదు. మైలవరం రిజర్వాయరు నీళ్లు పారే పల్లెలో ఆయనకు పొలముంది, పొలం గట్టున బోరుంది, బోరు పక్కన ఏడాది పొడుగునా పచ్చగా ఉండే లూసర్న్ గడ్డి మడి ఉంది. ఆయన గిత్తలు బండలాగుడు పందేల్లో గెలిచిన షీల్డులు హాల్లో గోడంతా ఆక్రమించి ఇంటివాళ్ల ఫొటోలను ఒక మూలకు నెట్టేశాయి. ఖాజీపేట నుంచి, చెన్నూరు నుంచి ఎద్దుల ఆసాములు పనిగట్టుకుని వచ్చి, "మామా, మా గిత్త సగం దూరానికే చతికిలబడతాంది, ఏం పెట్టమంటావు?" అని అడిగేవాళ్లు. ఓబుళరెడ్డి వెంటనే చెప్పేవాడు కాదు. కాఫీ తాగి, కండువా దులిపి, కాసేపు వాళ్లను ఊరించి అప్పుడు నోరు విప్పేవాడు. ఉలవలు ఎంత నానాలో, లూసర్న్ ఏ పొద్దుకు కోయాలో, దాణాలో మినరల్ మిక్చర్ పొడి ఎంత కలపాలో అన్నీ చెప్పి, "పశువు అరిచిందంటే కడుపులో యాడో వెలితి ఉండాదని అర్థం. ఆ వెలితి పూడ్చేదే మన పని" అని ముగించేవాడు. వచ్చినవాళ్లు తలలూపి వెళ్లిపోయేవాళ్లు.

అలాంటి మహానుభావుడి చేతికి ఒక గినీ పిగ్ వచ్చి పడింది.

తెచ్చింది ఆయన కూతురు భార్గవి. ప్రొద్దుటూరులో ఇచ్చి పెళ్లి చేసిన పిల్ల. రెండేళ్ల కిందట ఒకనాడు కట్టుబట్టలతో మొగుడింటి నుంచి బయటపడింది. బయటపడినది తిన్నగా పుట్టింటికి రావాలి కదా, రాలేదు. పులివెందులలో ఉన్న స్నేహితురాలు వనిత గదికి వెళ్లింది. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది. తల్లితో ఫోన్లో మాట్లాడేది తప్ప తండ్రి గడప తొక్కలేదు. ఊళ్లో ఎవరైనా అడిగితే ఓబుళరెడ్డి మాట మార్చేసి గిత్తల ముచ్చట ఎత్తుకునేవాడు. లోలోపల మాత్రం కుమిలిపోయేవాడు. తన పిల్లకు తన ఇల్లు ఎందుకు కాకుండా పోయిందో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ పిల్ల బ్యాంకు ఉద్యోగం తెచ్చుకుంది. శిక్షణకు తిరుపతిలో మూడు నెలలు హాస్టల్లో ఉండాలి. హాస్టల్లోకి జంతువులను రానివ్వరు. వనిత బదిలీ అయి ఊరు వదిలింది. వేరే దారి లేక భార్గవి పంజరం చంకన పెట్టుకుని బస్సెక్కి వచ్చింది.

ఓబుళరెడ్డి వంగి చూశాడు. తెలుపూ ఇటుకరంగూ కలిసిన బొద్దు ప్రాణి. తోక లేదు. నల్లపూసల్లాంటి కళ్లు.

"పంది అంటాండావు, సూస్తే ఎలక మాదిరుండాది. ఏంది పాపా ఇది?"

"పందీ గాదు, ఎలకా గాదు నాయనా. పేరు బుడ్డోడు. నాకు తోడు."

తోడు అన్న మాట ఆయనకు చురుక్కుమంది. పైకి నవ్వేశాడు.

భార్గవి పంజరం పక్కన చతికిలబడి నెమ్మదిగా చెప్పింది. "వీనికి గడ్డే ప్రాణం. ఎండబెట్టిన గరిక ఎప్పుడూ ముందర ఉండాల. దినానికొక జామకాయ ముక్క, ల్యాకపోతే క్యాప్సికం ముక్క. తాగేదానికి క్యాన్ నీళ్లు. అంతే నాయనా. మన లూసర్న్ వద్దు, దాణా వద్దు, పొడులు అసలే వద్దు. క్యాల్షియం ఎక్కువైతే వీళ్లకు మూత్రంలో రాళ్లు కడతాయంట. ప్రొద్దుటూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది."

"సరేలే పాపా."

"సరేలే గాదు నాయనా." ఆమె తలెత్తి ఆయన కళ్లలోకి చూసింది. "ఈ రెండేండ్లు నిన్ను ఏదీ అడగలే. ఇదొక్కటి అడుగుతాండా. వీన్ని ఇట్లే నాకు మళ్లీ అప్పజెప్పు. శిక్షణ అయినాక ఈడికే వస్తా. కొన్నాళ్లు ఉండి తీసకపోతా."

ఈడికే వస్తా, కొన్నాళ్లు ఉంటా. ఆ మాటలు చెవిన పడ్డాక ఓబుళరెడ్డికి ఇక తక్కినవేవీ సరిగా వినిపించలేదు. ఆమె బస్సెక్కి వెళ్లాక భార్య పద్మావతమ్మతో మేడ మీది గదికి సున్నం కొట్టించాలన్నాడు, కొత్త పరుపు తేవాలన్నాడు. ఆ గుప్పెడు ప్రాణి బతికి బాగుంటే కూతురు ఇంటికి తిరిగొస్తుంది. ఆయన దృష్టిలో సంగతి అంత తేలిక.

మొదట్లో చెప్పిన మాట చెప్పినట్టు చేశాడు. గరిక కోయించాడు, ఎండబెట్టించాడు, జామకాయ ముక్కలు కోశాడు. కానీ ఎండుగడ్డి నములుతున్న బుడ్డోణ్ణి చూసినప్పుడల్లా ఆయనకు తల కొట్టేసినట్టు ఉండేది. దానికి తోడు ఖాజీపేట ఆసామి ఒకడు వచ్చి పంజరంలోకి తొంగిచూసి, "ఏం రెడ్డన్నా, నీ ఇంట్లో గూడా ఎండుగడ్డి తిని బతికే జీవముందా?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఓబుళరెడ్డికి అరగలేదు. ఇట్లే అప్పజెప్పమంది కూతురు. ఇట్లే ఎందుకు? దిట్టంగా, నిగనిగలాడేలా చేసి ఆమె చేతిలో పెడితే, "నాయనా, నీ చెయ్యే చెయ్యి" అనదా? ఆ మాట ఆమె నోట వినాలని ఆయనకు ఎంత ఆశగా ఉందో ఆయనకే తెలియదు.

మరునాడు పొద్దున లూసర్న్ మడిలోంచి ఒక గుప్పెడు తెచ్చి వేశాడు. బుడ్డోడు పరకపరకనూ లాక్కుని తిన్నాడు. తర్వాత గుప్పెడు రెండు గుప్పెళ్లయింది. నానిన ఉలవలు చేరాయి. జామకాయ ముక్క మీద చిటికెడు మినరల్ మిక్చర్ పడింది. క్యాన్ నీళ్లు మానేసి బోరు నీళ్లు పోశాడు. ఆ నీళ్లు పోసిన బిందెల అడుగున తెల్లటి పొర రాయిలా పేరుకుని పీచుతో తోమినా వదలదు. అయినా తన గిత్తలు ఆ నీళ్లు తాగే కదా బండలు లాగాయి!

బుడ్డోడు లావెక్కాడు. ఓబుళరెడ్డి అడుగుల చప్పుడు వింటే చాలు, ముందుకాళ్లు కమ్మీల మీద పెట్టి కుయ్ కుయ్‌మని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఆ పిలుపుకు ఓబుళరెడ్డి కరిగిపోయేవాడు. "సూడు, నన్ను గుర్తుపట్టినాడు!" అని వచ్చేపోయే వాళ్లందరికీ చూపించేవాడు. వీడియో కాల్‌లో భార్గవి ముఖం చిట్లించింది.

"శానా లావైనట్టుండాడే. ఏం పెడతాండావు నాయనా?"

"నువ్వు చెప్పిందే పాపా. మన గాలి పడింది వానికి."

పద్మావతమ్మ భర్త ముఖంకేసి చూసి నోరు మూసుకుంది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆమె బాగా నేర్చుకున్న విద్య అది.

కొన్నాళ్లకు పంజరంలో పరిచిన గుడ్డ మీద మూత్రం ఆరినచోట తెల్లగా ముగ్గుపిండి లాంటి మరకలు కనిపించాయి. పద్మావతమ్మ చూపిస్తే ఓబుళరెడ్డి మీసం మీద చెయ్యి వేశాడు. "బలం ఎక్కువైంది. ఒంటికి పట్టింది పట్టి, మిగిలింది బయటికి పోతాంది." ఇంత ధీమాగా తప్పు చెప్పడానికి కూడా ఒక ప్రతిభ ఉండాలి. ఆయనకు ఆ ప్రతిభ దండిగా ఉంది.

ఆ తర్వాత అరుపు మారింది. అది ముందు పసిగట్టింది పద్మావతమ్మే.

"ఏమయ్యా, వాడు తిన్నాక గూడా అరుస్తాండాడు. ఆకలైతే తలుపు కాడికొచ్చి అరవాల గదా? వీడు మూలకు పోయి, వీపు గూనిగా పెట్టి అరుస్తాండాడు. నాకెందుకో అది ఆకలి అరుపు మాదిరి లేదు."

"నాకు నేర్పుతాండావా నువ్వు? చాల్లేదని అరుస్తాండాడు."

"ఎద్దు గాదు గదయ్యా అది."

"నోరుండే జీవం ఏదైనా ఒకటే. పో, పోయి లూసర్న్ పట్రా."

ఆమె తెచ్చింది. ఆయన వేశాడు. బుడ్డోడు వాసన చూసి వదిలేశాడు. మళ్లీ ముడుచుకుని సన్నగా, పొడుగ్గా అరిచాడు. మేత నచ్చలేదేమోనని ఓబుళరెడ్డి పొడి ఇంకో చిటికెడు చల్లాడు.

గుడ్డ మీద ఎర్రటి మరక కనిపించిన పొద్దున మాత్రం ఆయన ఆ గుడ్డను వెలుతురులోకి తెచ్చి రెండుసార్లు చూశాడు. అయినా దానికీ ఆయన దగ్గర జవాబు ఉంది. వేడి చేసింది! ఎండలు మండుతున్నాయి, వేడి చేయక ఏం చేస్తుంది? పలచటి మజ్జిగ దూదితో నోట్లో పిండాడు. సబ్జా గింజల నీళ్లు పోశాడు. బుడ్డోడు తల తిప్పేసుకున్నాడు. సాయంత్రానికి వెనకభాగమంతా తడిసి కంపు కొడుతూ, కళ్లు సగం మూసుకుని కూర్చున్నాడు. మరునాడు తెల్లవారాక ఓబుళరెడ్డి పొలం నుంచి తిరిగొచ్చేసరికి పద్మావతమ్మ చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఏడుస్తూ ఉంది.

"పాపకు చెప్పినా," అంది ఫోను దించి. "అన్నీ చెప్పినా. లూసర్న్ సంగతి, పొడి సంగతి. ఉన్నపాటున ప్రొద్దుటూరు డాక్టరమ్మ కాడికి తీసకపొమ్మంది. తనూ బయల్దేరింది."

ఓబుళరెడ్డికి భార్య మీద కోపం రావాలి. రాలేదు. కారు తాళాలు తీసుకున్నాడు.

జమ్మలమడుగు దాటాక రోడ్డు తిన్నగా ప్రొద్దుటూరు పోతుంది. ఆ రోడ్డు ఆయనకు కంఠతా వచ్చు. భార్గవి కాపురానికి వెళ్లిన కొత్తలో ఫోను చేసి ఏడ్చేది. "నాయనా, నన్ను తీసకపో" అనేది. అంతకుమించి చెప్పబోతే ఆయన చెప్పనిచ్చేవాడు కాదు. "ఊరుకో పాపా, రేపే వస్తాండా" అనేవాడు. వెళ్లేవాడు కూడా. కారు నిండా నెయ్యి డబ్బాలు, శెనక్కాయల మూటలు, కొత్త బియ్యం, మామిడిపండ్ల గంపలు వేసుకుని వెళ్లేవాడు. పిల్ల ఏడ్చిందంటే అత్తింట్లో ఏదో తక్కువైందని ఆయన లెక్క. హాల్లో అల్లుడి పక్కన కూర్చుని భోంచేసి, కూతురి తల నిమిరి వచ్చేసేవాడు. ఆమె మళ్లీ ఫోను చేసేది. ఆయన మళ్లీ మూటలు కట్టించేవాడు. తర్వాత్తర్వాత ఆమె ఫోను చేయడం మానేసింది. పిల్ల కుదురుకుందని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

పద్మావతమ్మ ఒళ్లోని పంజరంలోంచి బుడ్డోడు అరిచాడు. ఓబుళరెడ్డి కారు వేగం పెంచాడు.

డాక్టర్ మసరత్ చిన్న మనిషి. మాట కూడా చిన్నదే. బుడ్డోడి పొట్ట మీద రెండు వేళ్లు ఆనించి తీసేసింది, ఎక్స్‌రే తీసింది. తెర మీద చిన్న చిన్న ఎముకల మధ్య ఒక తెల్లటి ముద్ద వెలిగింది.

"రాయి. మూత్రం దారిలో ఇరుక్కుండాది. సంచి నిండిపోయి పగిలేటట్టుంది. ఏం పెట్టినారు పెద్దాయనా?"

"గరికమ్మా," అన్నాడు ఓబుళరెడ్డి. అలవాటుగా వచ్చేసింది.

"అబద్ధం," అంది పద్మావతమ్మ. భర్త మాటను నలుగురి ముందు ఆమె కాదనడం అదే మొదలు. పెట్టినవన్నీ ఆమె ఒక్కొక్కటే చెప్పింది. డాక్టరు విని, కోప్పడలేదు. కోప్పడితే ఓబుళరెడ్డికి కాస్త ఊరటగా ఉండేది.

"రాయి ముందే మొదలై ఉండొచ్చు. మీ మేతే పుట్టించిందని నేను చెప్పలేను. కానీ పెంచింది అదే. అరుపు మారినప్పుడు తెచ్చింటే ఏమన్నా చేసేదాన్ని. ఎప్పటినుంచి అరుస్తాండాడు?"

"ఆకలికి అనుకున్నా డాక్టరమ్మా..."

"ఆకలి గాదు. మూత్రానికి పోయినప్పుడల్లా నొప్పికి అరిచింటాడు."

ఆమె సన్నటి గొట్టంతో రాయిని వెనక్కి నెట్టాలని చూసింది. కదల్లేదు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చింది. ఆపరేషన్‌కు తిరుపతి పంపినా దారిలోనే పోతాడని చెప్పి, భార్గవి వచ్చేదాకా ఆగుదామంది.

ఓబుళరెడ్డి బల్ల మీద కూలబడ్డాడు. ఆ రాయి నొప్పి ఆయనకు తెలుసు. నడివయసులో ఆయనకూ వచ్చింది, ఆ బోరు నీళ్ల పుణ్యమే. మంచం పట్టె కొరికాడు, నేల మీద పొర్లాడు, చంపేయండని కేకలు పెట్టాడు. అప్పుడు ఎవరైనా పక్కన కూర్చుని ముద్దలు కలిపి నోట్లో కుక్కి ఉంటే? ఇన్నాళ్లూ తాను చేసింది అదే. అది అరిచిన ప్రతిసారీ సంతోషపడ్డాడు కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నానికి భార్గవి వచ్చింది. తండ్రికేసి చూడలేదు. బుడ్డోణ్ణి తువ్వాలులో చుట్టి ఒళ్లోకి తీసుకుంది. వాడు ఆమె వాసన పట్టి మణికట్టు కింద ముట్టె దూర్చాడు. ఆ మణికట్టు ఎముక ఒకపక్కకు వంకరగా అతుక్కుని ఉంది. కాసేపటికి వాడి ఒళ్లు బిగుసుకుంది. నోరు తెరిచి అరిచాడు. ఇంజెక్షన్ ఇచ్చినా ఆగని నొప్పి అది. ఓబుళరెడ్డి తట్టుకోలేక లేచాడు.

"డాక్టరమ్మకు కాఫీ పట్టకొస్తా," అన్నాడు.

"కూర్చో నాయనా," అంది భార్గవి. గొంతు పెంచలేదు. "యాడికీ పోవద్దు. ఏమీ తేవద్దు. కూర్చొని విను."

ఆయన కూర్చున్నాడు. బుడ్డోడు మళ్లీ అరిచాడు, ఆగాడు, మళ్లీ అరిచాడు. ఇల్లెగిరిపోయేలా పిలిచే ఆ కుయ్ కుయ్ ఇది కానే కాదు. ఈ రెంటికీ తేడా తెలియడానికి మనిషికి చదువు అక్కర్లేదు, గొప్ప చెయ్యి అక్కర్లేదు, ఒక్కసారి నోరు మూసుకుంటే చాలు. వింటూ వింటూ ఉండగా ఆయన చెవుల్లోకి ఫోనులో ఏడ్చిన కూతురి గొంతు వచ్చి కూర్చుంది. ఆ గొంతును కూడా ఆయన ఏనాడూ చివరిదాకా విననేలేదు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఓబుళరెడ్డి వెక్కివెక్కి ఏడ్చాడు. భార్గవి ఆయన్ను ఓదార్చలేదు.

"ఇంక చాలు డాక్టరుగారూ," అంది చివరికి. మసరత్ సూది తెచ్చింది. బుడ్డోడు భార్గవి ఒళ్లోనే నెమ్మదిగా మెత్తబడ్డాడు. అరుపు ఆగిపోయింది.

"మన పొలంలో పూడ్చి, పైన ఒక చెట్టు నాటుదాం పాపా," అన్నాడు ఓబుళరెడ్డి.

"నీ పొలంలో వద్దు."

డాక్టరు ఇంటి వెనక కాస్త జాగా ఉంటే అక్కడ పూడ్చారు. మట్టి భార్గవే కప్పింది. ఆ సాయంత్రమే తిరుపతి బస్సుకు బస్టాండుకు వచ్చారు. పద్మావతమ్మ నీళ్ల సీసా కోసం వెళ్లింది. తండ్రీ కూతురూ బెంచీ మీద మిగిలారు. ఓబుళరెడ్డి చాలాసేపు తంటాలు పడి, ఎన్నడో అడగాల్సిన మాటను అప్పుడు అడిగాడు.

"పాపా... ఆ చెయ్యి ఎట్ల ఇరిగింది?"

భార్గవి తన మణికట్టు చూసుకుంది. తర్వాత ఆయన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. బాగా అలసిపోయిన మనిషి చూపు అది.

"బాత్రూములో జారి పడినా అని అప్పుడు మా అత్తింటోళ్లు చెప్పినారు గదా నాయనా. నువ్వు నమ్మి, నాకు మినుముల సున్నుండలు పంపినావు."

"ఇప్పుడు చెప్పు పాపా. వింటా."

"ఇప్పుడు చెప్పేదానికి నాకు ఓపిక లేదు."

బస్సు వచ్చింది. ఆమె తల్లి చేతిలోని సీసా తీసుకుని ఎక్కి కూర్చుంది. ఓబుళరెడ్డి కిటికీ కింద నిలబడి చెయ్యి పైకెత్తాడు. ఆమె చూసింది. చెయ్యి ఊపలేదు.

శిక్షణ అయిపోయాక భార్గవి పుట్టింటికి రాలేదు. తిరుపతి నుంచి నేరుగా వెళ్లి ఉద్యోగంలో చేరింది. ఏ ఊళ్లోనో తల్లికి చెప్పింది, నాయనకు చెప్పవద్దని కూడా చెప్పింది. ఓబుళరెడ్డి రోజూ అడుగుతాడు. పద్మావతమ్మ చెప్పదు.